రెండు పేర్ల మనిషి

కేసీ డోనవన్ అనే పేరు ఈ పత్రిక పాఠకులలో ఎందరు విని ఉంటారో నాకు తెలియదు. రెండేళ్ల కిందటి దాకా నేనూ వినలేదు. 1971 మొదలు ఒక పదిహేనేళ్ల పాటు అమెరికాలో, మగవాడికీ మగవాడికీ మధ్య శృంగారం చూపించే నీలిచిత్రాలలో ఆయన పేరు పెద్ద పేరు. పోస్టరు మీద ఆ పేరు కనిపిస్తే జనం టిక్కెట్టు కొనేవాళ్లు. 1998లో రోజర్ ఎడ్మన్సన్ అనే రచయిత ఆయన జీవితచరిత్ర రాశాడు. ఆ పుస్తకం నా చేతికి ఎలా వచ్చిందో తర్వాత చెబుతాను. దాని తర్వాత ఆయన నటించిన రెండు సినిమాలూ, ఆయనను తెరకు తెచ్చిన దర్శకుడి మీద జిమ్ టుషిన్‌స్కీ 2013లో తీసిన డాక్యుమెంటరీ 'ఐ ఆల్వేస్ సెడ్ యెస్' కూడా చూశాను. ఈ వ్యాసం వాటన్నిటి గురించీ.

రాయడానికి కూర్చున్నప్పుడు మొదటి వాక్యం దగ్గరే మన భాష ఒక చిక్కు తెచ్చిపెట్టింది. ఇంగ్లీషువాడికి ఈ బాధ లేదు. మనం మాత్రం 'అతను' అనాలా, 'ఆయన' అనాలా, లేక పాత సినిమా పేజీల్లో రాసినట్టు 'ఇతగాడు' అనాలా తేల్చుకోందే కలం కదలదు. నీలిచిత్రాల నటుణ్ణి 'ఆయన' అని రాసిన తెలుగు వ్యాసం నాకు గుర్తు లేదు. రెండు పేజీలు 'అతను' అని రాసి కొట్టేశాను. చనిపోయిన మనిషి, పంతులుగా పనిచేసిన మనిషి. నేను ఎన్నడూ చూడని ఒక దర్శకుణ్ణి 'ఆయన' అంటూ ఈ నటుణ్ణి ఒక మెట్టు కింద నిలబెట్టడానికి నాకు కారణం కనబడలేదు. రెండో చిక్కు ఇంకా పెద్దది. 'స్వలింగ సంపర్కం' అన్న మాట మనకు కోర్టు నుంచీ ఆసుపత్రి నుంచీ వచ్చింది. ఆ మాటలో నేరమో రోగమో వాసన వేస్తూనే ఉంటుంది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377వ సెక్షను విషయంలో తీర్పు ఇచ్చి, ఇష్టపడిన పెద్దల మధ్య అది నేరం కాదని తేల్చింది. మాటకు పట్టిన వాసన మాత్రం పోలేదు. అందుచేత ఇప్పుడు పిల్లలంటున్న 'గే' అన్న మాటనే నేనూ వాడుతున్నాను.

ఆయన అసలు పేరు జాన్ కాల్విన్ కల్వర్. 1943 నవంబరు 2న న్యూయార్క్ రాష్ట్రంలో పడమటి వైపున్న ఈస్ట్ బ్లూమ్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. (క్రియ దగ్గర మళ్లీ ఏకవచనం దొర్లింది. ఇక దిద్దను. మనం ఇంట్లో మాట్లాడేదీ ఇలాగే కదా, 'ఆయన వచ్చాడు' అని.) జెనసీయోలోని కళాశాలలో ఉపాధ్యాయ శిక్షణ పొంది, ముందు పీక్‌స్కిల్ అనే ఊళ్లోనూ, తర్వాత న్యూయార్క్ నగరంలో ఒక ప్రైవేటు పాఠశాలలోనూ పాఠాలు చెప్పాడు. నగరంలోని ఆ ఉద్యోగం ఒక విద్యార్థితో జరిగిన గొడవ వల్ల పోయింది. ఆ గొడవకూ ఆయన గే కావడానికీ ముడిపెట్టడం న్యాయం కాదు. తర్వాత మోడలింగ్, వేసవి నాటక సమాజాల్లో వేషాలు. పంతులుగారు నటుడయ్యాడు.

ఈ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి రెండు రోజులు తెరవలేదు.

నేను ముప్ఫై ఏళ్లు బడిపంతులుగా పనిచేశాను. తమిళనాట సరిహద్దు ఊళ్లో తెలుగు మాధ్యమం తరగతులు. 1991లో మా బళ్లో నాటకాలు వేయించే ఒక మాస్టారు ఉండేవారు. వార్షికోత్సవానికి పిల్లల చేత పద్యనాటకం ఆడిస్తే పక్క పల్లెల నుంచి కూడా బళ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. ఊళ్లో ఎవరో ఏదో అన్నారు. పిల్లలకు సంబంధించిన మాట కాదు. సెలవులకు ఆయన గదికి వచ్చి ఉండే ఒక స్నేహితుడి గురించి. కమిటీ కూర్చుంది. ఎవరూ ఆ మాట పైకి అనలేదు. నేను ఆ ఏడు స్టాఫ్ కార్యదర్శిని. మినిట్సు పుస్తకంలో 'సొంత కారణాల వల్ల రాజీనామా' అని రాసింది నా చేతిరాతే. సాయంత్రం బస్సుకు ఆయన ట్రంకుపెట్టె ఎత్తిపెట్టడానికి కూడా మాలో ఎవరం వెళ్లలేదు. పెట్టె మోసింది తొమ్మిదో తరగతి పిల్లలు. వాళ్లలో ఒకడు ఇప్పుడు బెంగుళూరులో ఉంటాడు, పాత సినిమాలు సేకరిస్తాడు. రెండేళ్ల కిందట మా ఇంటికి వచ్చి ఈ పుస్తకం చేతిలో పెట్టి, 'చదవండి సార్, తర్వాత మాట్లాడదాం' అని వెళ్లినవాడు అతనే.

సరే, సినిమా సంగతికి వస్తాను.

డోనవన్‌ను తారను చేసింది 'బాయ్స్ ఇన్ ది శాండ్' అనే చిత్రం. దర్శకుడు వేక్‌ఫీల్డ్ పూల్. 1936లో నార్త్ కరోలినాలో పుట్టిన ఈయన బ్యాలే నర్తకుడు. బ్యాలే రూస్ ద మాంటీ కార్లో బృందంలో ఆడి, తర్వాత బ్రాడ్‌వేలో నృత్యాలు కూర్చాడు. ఒకరోజు స్నేహితులతో కలిసి ఒక గే నీలిచిత్రం చూసి, అది మనుషులను కించపరిచేలా ఉందనిపించి, కించపరచకుండా ఇలాంటిది తీయలేమా అని మొదలుపెట్టాడట. 1971 వేసవిలో న్యూయార్కుకు దగ్గరగా ఉన్న ఫైర్ ఐలాండ్ అనే దీవిలో, చేతి కెమెరాతో, సుమారు 8 వేల డాలర్లతో తీశాడు. ఆ డబ్బుతో హాలీవుడ్‌లో ఒక రోజు భోజనాల ఖర్చు కూడా వెళ్లదేమో. ఆ ఏడు డిసెంబరు 29న న్యూయార్కులో 55వ వీధిలోని థియేటరులో విడుదలయింది. 'న్యూయార్క్ టైమ్స్' పత్రిక దాని ప్రకటన వేసుకుంది, సినిమా వ్యాపారపు పత్రిక 'వెరైటీ' సమీక్ష రాసింది. గే నీలిచిత్రానికి ఇవి రెండూ అంతకుముందు లేని మర్యాదలు. నటీనటుల పేర్లు, సాంకేతికుల పేర్లు తెర మీద వేసుకోవడం కూడా ఈ జాతి సినిమాల్లో కొత్తే. 1972లో 'డీప్ త్రోట్' వచ్చి నీలిచిత్రాన్ని పెద్ద హాళ్లకు తెచ్చిందని చరిత్రలు రాస్తాయి; ఈ సినిమా దానికి ఆరు నెలలు ముందుది.

కాలం సంగతి కూడా ఒక ముక్క చెప్పుకోవాలి. న్యూయార్కులో స్టోన్‌వాల్ అనే బారు మీద పోలీసులు దాడి చేస్తే జనం తిరగబడింది 1969 జూన్‌లో. దానికి ముందరి ఏడాది మార్ట్ క్రౌలీ రాసిన నాటకం 'బాయ్స్ ఇన్ ది బ్యాండ్', 1970లో దాని సినిమా వచ్చాయి. అందులో గే పురుషులందరూ ఒక పుట్టినరోజు విందులో కూర్చుని ఒకళ్లనొకళ్లు మాటలతో చీరుకుంటూ, తమను తాము అసహ్యించుకుంటూ ఉంటారు. పూల్ ఆ పేరునే ఒక అక్షరం తిప్పి వాడుకున్నాడు. ఆ నాటకంలో నాలుగు గోడలు, సారా, ఏడుపు. ఈ సినిమాలో ఆకాశం, ఇసుక, సముద్రం. మాటలు దాదాపు లేవు. ఏడుపు అసలే లేదు.

మూడు భాగాలు. మొదటిది 'బేసైడ్'. ఒక గడ్డపు మనిషి చెట్ల మధ్య నుంచి నడుచుకుంటూ నీళ్ల ఒడ్డుకు వస్తాడు. ఆ వేషం పీటర్ ఫిస్క్ వేశాడు. ఒడ్డున దుప్పటి పరచుకుని కూర్చుంటాడు. ఎదురుగా ఖాళీ నీళ్లు. ఆ నీళ్లలోంచి ఒక బంగారు జుట్టు మనిషి లేచి, ఒళ్లంతా నీళ్లు కారుతూ, ఇతని వైపు పరుగెత్తుకు వస్తాడు. అదే డోనవన్ మొదటి ప్రవేశం. దెబ్యుసీ సంగీతం వినబడుతుంటే ఇదంతా జరుగుతుంది, మధ్యాహ్నపు వనదేవుడి మీద ఆయన కట్టిన ఆ ప్రసిద్ధమైన కృతి. 1912లో దాన్నే నిజిన్‌స్కీ బ్యాలేగా ఆడి పారిస్‌లో రచ్చ చేశాడు. పూల్ నర్తకుడు కాబట్టి ఆ సంగతి తెలియక వాడినది కాదు. నీళ్లలోంచి దేవత పుట్టడం గ్రీకులకూ ఉంది, క్షీరసాగరం చిలికిన మనకూ ఉంది. ఆ పుట్టుక అనగానే మనకు గుర్తొచ్చేది ఆడదేవత. ఇక్కడ పుట్టింది మగవాడు, అతని కోసం ఎదురుచూస్తున్నది మగవాడు. సినిమా మొత్తంలో పూల్ చెప్పదలుచుకున్నది ఆ ఒక్క మార్పులో ఉందని నేననుకుంటాను. ఆ తర్వాత ఏం జరుగుతుందో పాఠకులు ఊహించగలరు. అది ఈ పేజీల్లో వర్ణించవలసిన అవసరం లేదు.

రెండో భాగం 'పూల్‌సైడ్' చూసి నేను పైకే నవ్వాను. డోనవన్ పత్రికలో ఒక ప్రకటన చూసి ఉత్తరం రాస్తాడు. రోజులు గడుస్తాయి. చివరికి పోస్టులో చిన్న పొట్లం వస్తుంది. అందులో ఒక గుళిక. దాన్ని ఈతకొలనులో పడేస్తే నీళ్లు బుసబుస పొంగి అందులోంచి మనిషి లేస్తాడు! విఠలాచార్య జానపద చిత్రాలు చూసి పెరిగిన మనకు ఇందులో వింత లేదు. (ఆ విఠలాచార్య ఉడిపి వైపు నుంచి వచ్చిన కన్నడదేశపు మనిషి, మన పొరుగూరాయన.) ఒంటరి మనిషి పోస్టులో మంత్రం తెప్పించుకోవడంలో హాస్యం ఉంది, దాని అడుగున బెంగ కూడా ఉంది. డోనవన్ మంచి నటుడా అని ఎవరైనా అడిగితే ఈ భాగం చూడమంటాను. పొట్లం కోసం ఎదురుచూస్తున్నప్పుడు ఆ ముఖంలో ఉన్నది సెలవుల్లో ఇంటికి ఉత్తరం రావాలని చూసే హాస్టలు కుర్రాడి ముఖం.

మూడోది 'ఇన్‌సైడ్'. టెలిఫోన్ తీగలు బాగుచేసే ఒక నల్లజాతి పనివాణ్ణి కిటికీలోంచి చూసి, ఇంట్లో ఒంటరిగా తిరుగుతూ ఊహించుకుంటూ ఉంటాడు. ఆఖరున ఆ పనివాడు నిజంగానే లోపలికి వస్తాడు. నాకు ఈ భాగం నచ్చలేదు. 1971లో తెల్లవాణ్ణీ నల్లవాణ్ణీ ఇలా పక్కపక్కన చూపడం ధైర్యమే. అయినా ఇల్లు తెల్లవాడిది, కల కూడా తెల్లవాడిదే. పనివాడి వైపు నుంచి ఒక్క చూపు కూడా మనకు ఇవ్వరు. ఇసుకలో ఉన్న సమానత్వం ఇంట్లోకి వచ్చేసరికి పోయింది. జీవితచరిత్ర పుస్తకం అట్ట మీద డోనవన్‌ను అచ్చమైన అమెరికా కుర్రాడన్నారు. ఆ 'అచ్చమైన' అన్న మాటలో ఎవరు ఇమడరో ఈ మూడో భాగం చూస్తే తెలుస్తుంది.

బూతు సినిమాకు ఇంత సాహిత్య విమర్శ ఎందుకు అని కొందరు మిత్రులు అడిగారు. వాళ్లకు తంజావూరును గుర్తు చేశాను. మరాఠా రాజు ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని తెలుగులో 'రాధికాసాంత్వనము' రాసింది. ఆంధ్రదేశపు పండితులు ఆమెను తప్పుపట్టారు. వీరేశలింగం అంతటివారే ఆ కావ్యాన్ని ఈసడించారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ దాన్ని తిరిగి అచ్చు వేయించింది. ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో గానీ ఆ నిషేధం పోలేదు. రాసింది తంజావూరు తెలుగు, అచ్చు వేయించింది బెంగుళూరు తెలుగు. పొలిమేర బయటి ఇద్దరు ఆడవాళ్లు. పూల్ సినిమా ముద్దుపళని కావ్యానికి సాటి వస్తుందని నేను అనడం లేదు, రాదు. కావ్యంలో ఉన్న మనస్తత్వం, అసూయలో ఉన్న సూక్ష్మం దీనిలో లేవు. నా మాట ఇంతే: అశ్లీలం అని ముద్ర పడింది కాబట్టి బాగా చేశారా, చెడగొట్టారా అని చూడనక్కర్లేదనడం విమర్శకుడి బద్ధకం. అదే బద్ధకం తెలుగువాళ్లకు ఒక మంచి కావ్యాన్ని దాదాపు నలభై ఏళ్లు అందకుండా చేసింది.

డోనవన్‌కు రెండు పేర్లు ఎందుకన్న ప్రశ్న నన్ను పట్టుకుంది. 'కేసీ' అన్నది 1971లోనే వేసిన ఒక చవక నీలిచిత్రంలో ఆయన పాత్ర పేరు; అదే అంటుకుపోయింది. నాటకాలకు కాల్విన్ కల్వర్, నీలిచిత్రాలకు కేసీ డోనవన్. మన కుటుంబాల్లో ఇంటి పేరు ఒకటి, రేషన్ కార్డులో తమిళుడో కన్నడిగుడో రాసిన పేరు ఇంకొకటి ఉన్నట్టే అనుకున్నాను మొదట. తర్వాత చూస్తే పోలిక కుదరలేదు. మనం రెండు పేర్లనూ ఒకే ఒంటి మీద మోస్తాం, ఎవరూ తప్పుపట్టరు. ఆయన మాత్రం ఒక పేరుతో సంపాదించిన కీర్తిని రెండో పేరుకు బదలాయించాలని చూశాడు. 1972లో బ్రాడ్‌వేలో బెర్నార్డ్ షా నాటకం 'కెప్టెన్ బ్రాస్‌బౌండ్స్ కన్వర్షన్' ఆడినప్పుడు, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ నాయికగా ఉన్న ఆ నాటకంలో కల్వర్‌కు చిన్న వేషం దొరికింది. తలుపు తెరుచుకుంటోందని ఆయన నమ్మి ఉంటాడు. నాటకం ఆడింది రెండు వారాలే.

ఆ తలుపుకు అందరికన్నా దగ్గరగా ఆయనను తీసుకెళ్లింది రాడ్లీ మెట్జ్‌గర్ దర్శకత్వం వహించిన 'స్కోర్'. 1974లో విడుదలయింది, అప్పటి యుగొస్లావియాలో, అడ్రియాటిక్ తీరాన తీశారు. జెర్రీ డగ్లస్ రాసిన నాటకం దీనికి మూలం. ఆరితేరిన జంట ఒకటి, కొత్తగా పెళ్లయిన జంట ఒకటి. పాత జంట కొత్త జంటను ముగ్గులోకి దింపాలని పందెం కాస్తుంది, భార్య భార్యనూ, భర్త భర్తనూ. డోనవన్ కొత్త పెళ్లికొడుకు ఎడ్డీ. తెర మీద పేరు కాల్విన్ కల్వర్ అనే వేశారు. ఇందులో ఆయన చేసింది నటన, సందేహం లేదు. ఎడ్డీ భయస్తుడు, మొహమాటస్తుడు. తనలో ఉన్న కోరిక తనకే తెలియనివాడు, తెలిసీ తెలియనట్టు ఉండేవాడు. ఫైర్ ఐలాండ్ ఇసుకలో సిగ్గన్నది ఎరగని మనిషి ఇక్కడ సిగ్గును ఆడి చూపించాడు. గ్లాసు పట్టుకునే తీరులో, నవ్వు మొదలై సగంలో ఆగిపోవడంలో, ఒక సాధారణ ఊరి కుర్రాడి బెదురంతా ఉంది. క్లెయిర్ విల్బర్ ఆడిన ఎల్వీరా పాత్ర చాలా చోట్ల సినిమాను ఎత్తుకుపోతుంది. మాటల్లో చమత్కారం ఒక్కోసారి మరీ ఎక్కువై విసుగు తెప్పిస్తుంది. ఎడ్డీ మౌనంగా ఉన్న చోట్లే సినిమా కుదుటపడుతుంది.

ఇంత చేసినా పెద్ద సినిమా నుంచి పిలుపు రాలేదు. ఎందుకు రాలేదన్నదానికి తేలిక జవాబు, లోకం కపటి కాబట్టి అని. అది నిజమే గానీ, పూర్తి నిజం కాదు. ఆయనకున్న అసలు వరం కెమెరా ముందు దాపరికం లేకపోవడం. తన ఒంటి గురించి గర్వమూ లేదు, నామోషీ లేదు, ఎండలో ఆరబోసిన ధాన్యంలా ఉంటాడు. పెద్ద తారలు అలా ఉండరు. ఏదో దాచుకుని, అందులో కొంచెం కొంచెం మనకు చూపించి బతుకుతారు. ఈయన దాచుకోవడానికి ఏమీ మిగుల్చుకోలేదు. 'స్కోర్'లో దాచుకోవడం నటించగలిగాడు, మరి అలాంటి పాత్రలు రెండోసారి ఎవరు రాశారు? గే మనిషి సంకోచాన్ని అంత మెల్లగా చూపించే పాత్ర ఆ రోజుల్లో పెద్ద సినిమాల్లో దాదాపు లేదు. వచ్చినా దాన్ని గే కాని నటుడికే ఇచ్చేవాళ్లు.

ఎడ్మన్సన్ పుస్తకంతో నా పేచీ ఇక్కడే. జీవితచరిత్ర కాబట్టి మరణం వైపు నడవక తప్పదు. 1981 జూన్ 5న అమెరికా ఆరోగ్యశాఖ నివేదికలో ఆ కొత్త జబ్బు మొదటి కబురు వచ్చింది అని తెలిసిన పాఠకుడు, 1971లో ఒక మనిషి నవ్వుతూ నీళ్లలోంచి లేస్తుంటే ఆ నవ్వులోనే చావును చదివేస్తాడు. చేసిన దానికి అనుభవించాడు అని ఒకరు, అమరుడయ్యాడు అని ఇంకొకరు. ఇద్దరిదీ హరికథ చెప్పే పద్ధతే; ముగింపు ముందే కుదుర్చుకుని కథ మొదలుపెట్టడం. మధ్యలో ఆయన ఒక మనిషిగా తెలివితక్కువ పనులు చాలా చేశాడు. అవి ఈ రెండు కథల్లోనూ ఇమడవు, నాకు మాత్రం అవే ఆయనను దగ్గర చేశాయి. ఫ్లోరిడా చివర కీ వెస్ట్‌లో ఇల్లు కొని 'కాసా డోనవన్' అని బోర్డు పెట్టి బస చేసేవాళ్లకు అద్దెకిచ్చే వ్యాపారం పెట్టాడు, అది నడవలేదు. నాటకరంగం మీద మోజు చావక 1983లో టెరెన్స్ మెక్నాలీ ప్రహసనం 'ది రిట్జ్'ను బ్రాడ్‌వేలో మళ్లీ ఆడించే పనిలోకి దిగి తానూ వేషం వేశాడు. మే 2న ప్రారంభం. అదే రోజు ఆఖరు. ఒక్క ఆట! మన ఊళ్లలో పొలం తాకట్టు పెట్టి నాటకం ఆడించి చేతులు కాల్చుకున్న పెద్దమనుషులు తెలియనిదెవరికి? ఆయన ఆ జాతి మనిషి.

1980లలో వీడియో క్యాసెట్టు వచ్చి ఆ హాళ్లన్నిటినీ మెల్లగా మూయించింది. పూల్ తన సినిమాకు 'బాయ్స్ ఇన్ ది శాండ్' రెండో భాగం తీశాడు, మళ్లీ డోనవన్‌తోనే. దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ సంవత్సరాల్లోనే ఆయన 'స్టాలియన్' అనే పత్రికలో పాఠకుల ప్రశ్నలకు జవాబులిచ్చే శీర్షిక నడిపాడు. జబ్బు రాకుండా జాగ్రత్తలు తీసుకొమ్మని పాఠకులకు రాశాడు. తన ఒంట్లో అది ఉందన్న సంగతి మాత్రం ఒప్పుకోలేకపోయాడు. పంతులు మళ్లీ పంతులే అయ్యాడు. ఎదుటివాళ్లకు పాఠం చెప్పాడు, ఇంటికి వెళ్లి అది చదవలేదు. దీన్ని కపటం అనడానికి నాకు నోరు రాదు. ఆ జబ్బుకు మొదటి మందు ఏజడ్‌టీకి అమెరికాలో అనుమతి వచ్చింది 1987 మార్చిలో. ఆయన ఆగస్టు 10న ఫ్లోరిడాలోని ఇన్వర్నెస్‌లో పోయాడు. నలభై మూడేళ్లు. దర్శకుడు పూల్ మాత్రం చాలాకాలం బతికాడు. వంట నేర్చుకుని అది వృత్తిగా చేసుకున్నాడు, 2000లో ఆత్మకథ రాశాడు, 2021 అక్టోబరులో ఎనభై అయిదేళ్ల వయసులో జాక్సన్‌విల్‌లో కన్నుమూశాడు. డాక్యుమెంటరీలో ఆ ముసలాయన నవ్వుతూ పాత సంగతులు చెబుతుంటే చూడ ముచ్చటగా ఉంటుంది. ఆ సినిమా పేరుకు అర్థం, నేనెప్పుడూ సరేనన్నాను అని. డోనవన్‌కు అలా ముసలాయనై కూర్చుని చెప్పే వంతు రాలేదు. అందుకే ఆయన తరఫున ఇతరులు చెప్పిన మాటలను కాస్త అనుమానంగా వినాలని అంటున్నాను.

ఈ ఏడు సంక్రాంతికి మా పూర్వ విద్యార్థి మళ్లీ వచ్చాడు. పుస్తకం తిరిగిచ్చాను. ఏది బాగుంది సార్ అని అడిగాడు. 'బేసైడ్' ఆఖరు చెప్పాను. నీళ్లలోంచి వచ్చినవాడు ఒడ్డునే ఉండిపోతాడు. ఒడ్డున ఎదురుచూసినవాడు పరుగెత్తి నీళ్లలోకి వెళ్లి మాయమవుతాడు. డోనవన్ ఇసుకలో మిగిలిపోయిన అతని బట్టలు తొడుక్కుని, ఏమీ జరగనట్టు, తీరం వెంట నడిచి వెళ్లిపోతాడు. కొత్త మనిషికి లోకంలో నడవడానికి కావలసినదంతా ఆ బట్టలేనన్నట్టు. సినిమా మొత్తంలో నాకు బాగా నచ్చింది అదేనన్నాను.

కుర్రాడు (నలభై ఎనిమిదేళ్లు వచ్చాయి, నాకింకా కుర్రాడే) కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత, 'నాటకాల మాస్టారి అడ్రసు మీ దగ్గర ఉందా సార్?' అన్నాడు.

ఉంది. ప్రావిడెంటు ఫండు కాగితాల కోసం 1992లో ఆయన కార్యదర్శికి రాసిన కార్డు మీద. అప్పుడు కాగితాలు పంపాను గానీ కార్డుకు జవాబు రాయలేదు. అటక మీద పెట్టెలో వెతికితే సాయంత్రానికి దొరికింది. అడ్రసు ఒక కాగితం మీద ఎక్కించి ఇచ్చాను. కార్డు నా దగ్గరే ఉంచుకున్నాను.